పాట తెగిన చోట

ఇలా రా అమ్మాయ్, నా పక్కన కూర్చో. ఇంకా దగ్గరికి జరుగు, నా గొంతు ఒకప్పటిలా లేదు. నిన్న పెళ్ళిలో నీ ఫోనులో ఆ పాట పెట్టావు కదా. ఆడవాళ్ళందరూ దానితో గొంతు కలిపారు. మధ్యలో ఒకచోట అందరూ ఒక్కసారిగా నోళ్ళు మూసేసరికి నువ్వు బిత్తరపోయావు. ఫోను మాత్రం దాని పాటికది పాడుకుంటూ పోయింది. ముసలమ్మలు నీ వంక కళ్ళెర్రజేసి చూశారు. నువ్వు ఉత్తరాది పిల్లవి, ఈ ఎడారి కొండలకి కొత్త కోడలివి, నీకేం తెలుసు పాపం. ముందే చెప్పి ఉండాల్సింది నేను. ఇప్పుడు చెబుతాను, విను.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఒక్కతే కూతురు, కెల్లా, దానికి ఆరో ఏడు. దాని తండ్రిని రెండేళ్ళ కిందటే సాగనంపేశాను. గుడారం నాది, మేకలు నావి, ఒంటె ఆయనది. ఎవరి దారి వాళ్ళది, అందులో ఏడుపేమీ లేదు. ఇవి కాక నాకున్న సొత్తల్లా ఒక టేప్ రికార్డరు. దాని మూత విరిగిపోతే మేకతోలు తాడుతో కట్టుకున్నాను.

ఆ రోజుల్లో మా కుర్రాళ్ళందరికీ ఇద్రిసా పిచ్చి. ఎడారి దాటి లిబియా పోయి, అక్కడి శిబిరాల్లో తిండి లేక తిరిగి, ఎక్కడో కరెంటు గిటార్ పట్టుకుని మా భాషలో పాటలు కట్టినవాడు. రేడియోలో వచ్చేవాడు కాదు. లారీ డ్రైవరొకడు సీటు కింద దాచి ఒక క్యాసెట్ తెచ్చాడు. దాని నుంచి ఒకడు ఎక్కించుకున్నాడు, వాడి నుంచి ఇంకొకడు, అలా మా తమన్‌రాసెట్ ఊళ్ళోనూ చుట్టుపక్కల గుడారాల్లోనూ ఉన్న క్యాసెట్లన్నీ ఆ ఒక్కదాని పిల్లలే. అయితే తల్లి క్యాసెట్‌లోనే ఒక లోపం ఉంది. రెండో వైపు ఆఖరి పాట పూర్తి కాకుండానే టేపు అయిపోయింది.

వాగులో నీళ్ళు లేవు, చుక్కల్లో దారి లేదు
ఆకలికి అలవాటు పడ్డాను, ఎదురుచూపుకి పడలేదు
గాలి నా అడుగులు తుడిచేసింది...

టక్. అంతే. ఆ తర్వాత ఏముందో మా కొండల్లో ఒక్క ప్రాణికీ తెలియదు. ఆరేళ్ళు విన్నాం అమ్మాయ్, ఆరేళ్ళూ ఆ "టక్" దగ్గరే ఆగిపోయాం. తుడిచేస్తే ఏమైంది? ఆ పాటలోవాడు వచ్చాడా, రాలేదా? మేకలు కాస్తూ నేను దాని గురించే ఆలోచించేదాన్ని. కెల్లా రోజూ ఆ పాట వింటూనే పడుకునేది. టక్‌మనగానే సగం నిద్రలోంచి, "అమ్మా, తిప్పు!" అని అరిచేది. క్యాసెట్ తిప్పి మొదటి వైపు పెడితే గాని కళ్ళు మూసేది కాదు.

మా మేనమామ కొడుకు బిస్కా గుడారం దాటి వెళుతూ రోజూ ఒక రాయి విసిరేవాడు.

"ఏం మరదలా, ఇవాళైనా అయిందా నీ పాట?"

"నీ ముసుగు కింద పళ్ళు మొలిచిన రోజున అవుతుందిలే బావా."

"పళ్ళు చూపించాక పెళ్ళాడాలి మరి. మాట తప్పకూడదు."

"పళ్ళు లేనివాడికి జన్మంతా జావ కాచి పోయమంటావా? నా మేకలకే పాలు చాలడం లేదు."

కెల్లా పడీ పడీ నవ్వేది. బావామరదళ్ళు ఒకరినొకరు వెక్కిరించుకోవడం మాలో హక్కు, వెక్కిరించకపోతేనే కోపం వచ్చిందనుకుంటారు. అయితే బిస్కా ఒక్క విషయంలో మహా పట్టుదల మనిషి. మగవాడు ఆడవాళ్ళ ముందు నోరు చూపించడం సిగ్గుమాలిన పని అని వాళ్ళ నాన్న నేర్పాడు. పది మూరల నీలిబట్ట, కళ్ళు తప్ప ఏమీ కనపడకుండా చుట్టేవాడు. టీ తాగినా ముసుగు కిందికి గ్లాసు పోనిచ్చి తాగేవాడు. చిన్నప్పటి నుంచీ ఎరిగినదాన్ని, ఊహ తెలిశాక వాడి పెదవులెలా ఉంటాయో చూడలేదు నేను.

ఆ ఏడు ఎండాకాలం చివర, ఇద్రిసా జట్టు వస్తోందని కబురొచ్చింది. ఊరికి సగం రోజు దూరంలో పెద్దవాగు వంపు తిరిగే చోట ఆట. అక్కడ ఒకవైపు నిలువు కొండ, కింద మెత్తటి ఇసుక. కొండకి తగిలి పాట రెండింతలు వినిపిస్తుందని ఆ చోటు ఎంచుకున్నారు. వాన చూసి నాలుగేళ్ళు. వాగు అన్న మాటకి నీళ్ళతో సంబంధం ఉందని కూడా మరిచిపోయాం.

తెల్లవారకముందే బయలుదేరాం. కెల్లా నడిచింది, గాడిదెక్కింది, మళ్ళీ నడిచింది. మధ్యాహ్నం నమాజు దాటాక చేరాం. మూడు వందల మంది ఉంటారు. రెండు ట్రక్కుల వీపులు కలిపి వేదిక చేశారు. జనరేటరు దడదడలాడుతోంది. నా గుడారమంత ఎత్తు స్పీకర్లు. ఎక్కడికక్కడ మూడు రాళ్ళు పెట్టి టీ కాస్తున్నారు. కెల్లా అప్పటికే తూలిపోతోంది. వాగు మధ్యన చిన్న దిబ్బ, దాని మీద ఒక తుమ్మచెట్టు. అక్కడ దుప్పటి పరిచి పడుకోబెట్టాను. వేదికకి ఎంత దూరమని? ఒక నలభై అడుగులు.

"చివర వచ్చినప్పుడు లేపు అమ్మా," అంది.

"లేపుతాను."

"మర్చిపోతావు."

"మర్చిపోనే! నువ్వు మాత్రం ఇక్కణ్ణుంచి కదలకు. ఏం జరిగినా సరే, నేనొచ్చేదాకా కదలకు."

ఈ మాట గుర్తుపెట్టుకో అమ్మాయ్. నేనే అన్నాను.

ఇద్రిసా మొదటి తీగ మీటగానే నా రొమ్ము మీద ఎవరో అరచేత్తో కొట్టినట్టయింది. టేపులో విన్నది పాట కాదు, పాట నీడ. డ్రమ్ము మోగితే ఇసుక రేణువులు కాళ్ళ మీద చిందులేస్తున్నాయి. జనాన్ని తోసుకుంటూ ముందుకు, ఇంకా ముందుకు వెళ్ళిపోయాను. వేదిక అంచు పట్టుకున్నాను. జనరేటరు చూసుకునేది బిస్కాయే. అది వాడి పెద్దమ్మ కొడుకుది.

"మరదలా, స్పీకరులోకే దూరిపోతావేమిటి? ఇద్రిసాకి పెళ్ళాం ఉందిట!"

"ఉంటే ఉంది, నీకు లేదుగా. నీ పని నువ్వు చూసుకో!"

ఐదో పాటో ఆరో పాటో అవుతుండగా దుమ్ము లేచింది. దూరంగా ఎర్రటి గోడ నడిచొస్తున్నట్టు వచ్చింది, వచ్చి మీద పడింది. సూర్యుడు రాగి బిళ్ళ అయిపోయి, అదీ పోయింది. సాయంత్రం కాకుండానే చీకటి. మగవాళ్ళు ముసుగులు కళ్ళదాకా లాక్కున్నారు. మేము కొంగులు కప్పుకున్నాం. ఇద్రిసా మాత్రం ఆపలేదు. ఆపకపోయేసరికి మాకు పిచ్చెక్కింది.

కరాజీ తాత అని ఒక ముసలాయన, ఎనభై ఏళ్ళ ఒంటెల కాపరి, కర్రతో జనాన్ని పొడుస్తూ తిరుగుతున్నాడు.

"లేవండర్రా! ఎగువన కొండ తల నల్లబడింది. మెరుపులు చూశాను. గట్టెక్కండి!"

టీ పోస్తున్నవాడు నవ్వాడు. "కూర్చో తాతా. ఇంకా రెండో గ్లాసే. మూడోది తాగకుండా లేస్తే నాకెంత అవమానం!"

"వాగుకి నీ మర్యాద తెలియదురా వెధవా!"

నవ్వారు అందరూ. నేనూ నవ్వాను.

అప్పుడు పడింది వాన. ఒక్కో చుక్క రాగి పైసంత ఉంది. నాలుగేళ్ళ తర్వాత. వేరే చోట్ల వాన వస్తే జనం పరిగెత్తి దాక్కుంటారట. మేము వానలోకి పరిగెత్తాం. ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ కూతలు వేశారు. ముసలివాళ్ళు దోసిళ్ళు పట్టారు. ముక్కూ మొహమూ తెలియనివాళ్ళు కావలించుకున్నారు. ఇద్రిసాయే తెచ్చాడు, వాడి కాలు మంచిది అన్నారు. తిట్టిన కరాజీ తాతే మొహం పైకెత్తి ఏడుస్తున్నాడు. మూడు వందల మందిలో ఒక్కరమూ లేచి గట్టు వైపు నడవలేదు. అంత తెలివితక్కువ పని మేము తప్ప ఎవరూ చెయ్యరు.

వానకి పులకరించిపోయాడు కాబోలు, ఇద్రిసా ఆ పాట ఎత్తుకున్నాడు. వాగులో నీళ్ళు లేవు...

నాకు కెల్లా గుర్తొచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను. లేపుతానని మాటిచ్చాను, పిల్ల తడుస్తోంది, దుప్పటి తడిసిపోయి ఉంటుంది. వెనక్కి వెళితే, ఆ జనంలోంచి మళ్ళీ ముందుకి రావడం అయ్యే పని కాదు. ఒక్క చరణమే కదా, విని పరుగెడతాననుకున్నాను. ఆరేళ్ళు ఎదురుచూసింది ఆ ఒక్క చరణం కోసమే కదా. నిలబడ్డాను.

ఆకలికి అలవాటు పడ్డాను...

స్పీకర్లు గుర్రుమని మూగబోయాయి. జనరేటరులోకి నీళ్ళు పోయాయి. పాట ఆగింది గాని చప్పుడు ఆగలేదు. కాళ్ళ కింది నుంచి వస్తోంది. లారీలు వరసగా వస్తున్నట్టు, రాళ్ళు రాళ్ళని నములుతున్నట్టు. కరాజీ తాత కర్ర పారేసి అరిచాడు, "వాగు!"

తిరిగి పరుగెత్తాను అమ్మాయ్. దేవుడి సాక్షిగా తిరిగి పరుగెత్తాను. జనమంతా కొండ వైపు, నేనొక్కదాన్ని ఎదురు. పది అడుగులు వేశానో లేదో నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి, మరుక్షణం నడుముకి. ఎర్రటి నీళ్ళు, దుంగలు, చచ్చిన మేక ఒకటి. ఎవరో జడ పట్టుకుని వెనక్కి లాగారు. కొరికాను, గీరాను. బిస్కా. నన్ను గోతాంలా భుజానేసుకుని కొండ చరియ మీదికి విసిరాడు.

"కెల్లా ఉంది! చెట్టు కింద కెల్లా ఉంది!"

"ఏ చెట్టు?" అన్నాడు.

చూశాను. చెట్టు లేదు. దిబ్బా లేదు. దుమ్మూ వానా చీకటీ కలిసి, పది మూరల అవతల ఏమీ కనపడటం లేదు. కింద ట్రక్కులు దొర్లుతున్నాయి.

చరియ మీద అందరూ తమవాళ్ళ పేర్లు అరుస్తున్నారు. ఒక్కొక్క పేరుకీ ఒక్కొక్క జవాబు దొరుకుతోంది. తల్లులు పిల్లల్ని చెంపలు వాయించి ముద్దులు పెట్టుకుంటున్నారు. నేనూ అరిచాను. జవాబు రాలేదు. ఒకామె, "అవతలి గట్టుకి ఎవరో పిల్లని ఎత్తుకెళ్ళారు, నా కళ్ళతో చూశాను," అంది. పక్కనే ఒకడు, "దుప్పటి ఒకటి కొట్టుకుపోవడం చూశాను," అన్నాడు. వాళ్ళావిడ వాడి నోరు మూసింది. అప్పటికే విన్నాను.

"కదలకు అన్నాను," అని బిస్కాతో అన్నాను. "కదిలి ఉండదు. చెప్పిన మాట వినే పిల్ల." అదే మాట ఎన్నిసార్లన్నానో. వాడు ఏమీ వెక్కిరించలేదు. వాడు వెక్కిరించనందుకు నాకు ఇంకా భయమేసింది.

మూడు వందల మంది ఒకేసారి అరుస్తుంటే ఒక పిల్ల గొంతు ఏం వినపడుతుంది? "ఊరుకోండి! ఊరుకోండి!" అని అరిచాను. నా అరుపూ ఆ అరుపుల్లో కలిసిపోయింది. ఇక చేసేదేమీ తోచలేదు. బతికి ఉంటే దానికి అమ్మ ఎక్కడుందో తెలియాలి. ఎలా తెలుస్తుంది? అది రోజూ వినేది ఒక్కటే. గొంతు చించుకుని పాడటం మొదలుపెట్టాను.

వాగులో నీళ్ళు లేవు, చుక్కల్లో దారి లేదు...

వరదని ముందు పెట్టుకుని! పిచ్చెక్కిందనుకున్నారు. బిస్కాకి మాత్రం అర్థమయింది. వాడూ ఎత్తుకున్నాడు. పక్కనున్న ఆడవాళ్ళు కలిశారు. చరియ పొడుగునా పాకింది పాట. ఇద్రిసా కూడా, తడిసిన పిట్టలా ఒక మూల కూర్చున్నవాడు, లేచి గొంతు కలిపాడు. ఏడుస్తున్నవాళ్ళూ అరుస్తున్నవాళ్ళూ అందరూ పాటలోకి వచ్చేశారు. ఆకలికి అలవాటు పడ్డాను, ఎదురుచూపుకి పడలేదు. గాలి నా అడుగులు తుడిచేసింది...

అక్కడ ఆగిపోయాం.

ఎవరూ ఆగమనలేదు. మాకు వచ్చింది అంతే కదా. అందరి క్యాసెట్టూ అక్కడే తెగింది. మూడు వందల గొంతులు కత్తితో కోసినట్టు ఒక్క క్షణంలో ఆగాయి. ఇద్రిసా ఒక్కడికే తరువాతిది తెలుసు. వాడు "అయినా..." అని, తనొక్కడి గొంతే వినపడేసరికి కంగారుపడి వాడూ ఆగాడు.

ఆ నిశ్శబ్దంలో నీళ్ళ హోరు. హోరు వెనక, మేము చూస్తున్న చోట కాదు, బాగా దిగువన, తర్వాతి వంపు దగ్గర నుంచి, సన్నగా, కోపంగా:

"అమ్మా, తిప్పు!"

అమ్మాయ్, నీకూ పిల్లలు పుడతారు. అప్పుడు తెలుస్తుంది.

పరుగెత్తాం. తుమ్మచెట్టు వేళ్ళతో సహా పెళ్ళగిలి దిగువకి కొట్టుకుపోయి, ఆ వంపులో పెద్ద బండకి అడ్డం పడి ఆగింది. దాని కొమ్మల్లో, ముళ్ళ మధ్య, కెల్లా. చెప్పినట్టే చెట్టుని వదలలేదు. మాకూ దానికీ మధ్య ముప్ఫై మూరల నీళ్ళు. తాళ్ళన్నీ ట్రక్కులతో పోయాయి.

బిస్కా ముసుగు విప్పడం మొదలుపెట్టాడు.

అంతమంది ఆడవాళ్ళ ముందు. చుట్టు మీద చుట్టు విప్పి, నీలిబట్ట మెలిపెట్టి, "ఇంకా కావాలి!" అని మగవాళ్ళ వైపు తిరిగాడు. ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. ముందుగా కరాజీ తాత, ఎనభై ఏళ్ళ మనిషి, తలగుడ్డ తీసి చేతిలో పెట్టాడు. తర్వాత అందరూ. ముడి మీద ముడి వేశారు. ఒక కొస నడుముకి కట్టుకుని బిస్కా నా వైపు చూసి నవ్వాడు. ముసుగు కట్టిన చోటంతా నీలి రంగు అంటుకుని ఉంది మొహానికి. ముందు పళ్ళ మధ్య చిన్న సందు.

"చూసుకో మరదలా, అన్నీ ఉన్నాయి. మాట తప్పకు."

దిగిపోయాడు. రెండుసార్లు మునిగాడు, తేలాడు. చెట్టు పట్టుకున్నాడు. తన నడుముకున్న బట్ట విప్పి కెల్లాకి కట్టాడు. మేము లాగాం. ఇరవై మంది లాగాం. పిల్ల నీళ్ళ మీద కొట్టుకుంటూ వచ్చి నా ఒళ్ళో పడింది. ఒళ్ళంతా ముళ్ళు, నెత్తురు. "చివర వచ్చేసిందా?" అని అడిగింది. బట్ట విప్పి, కొసకి రాయి కట్టి, మళ్ళీ విసిరారు. బిస్కా చెయ్యి చాపాడు. చెట్టు కదిలింది.

అంతే. అరవను కూడా లేదు.

దిగువకి పరిగెత్తాం. అరిచాం. తర్వాత ఎవరు మొదలుపెట్టారో గాని మళ్ళీ పాట ఎత్తుకున్నారు. అక్కడికొచ్చి ఆగాం, విన్నాం. నీళ్ళు. మళ్ళీ పాడాం, ఆగాం, విన్నాం. ఈసారి ఇద్రిసా కూడా అక్కడే ఆగాడు. గొంతులు బొంగురుపోయి, మాట రాక, గొణుగుతూ పాడాం. ఆగిన ప్రతిసారీ కెల్లా నా కొంగులోంచి తల బయటపెట్టి, "బాబాయ్, తిప్పు!" అని అరిచింది. వాడు అలాగైనా పలుకుతాడని. పలకలేదు.

నాలుగో రోజున ఇసుక నీళ్ళు తాగేసిన చోట, చాలా దిగువన దొరికాడు. ముసుగు లేకుండా, నోరు తెరుచుకుని. మగవాళ్ళని దగ్గరికి రానివ్వలేదు నేను. నా కొంగు చించి, కళ్ళు తప్ప ఏమీ కనపడకుండా, వాడు కట్టుకునే పద్ధతిలోనే కట్టాను. ఆ తర్వాతే ఇచ్చాను వాళ్ళకి.

కొన్నాళ్ళకి ఇద్రిసా నా గుడారానికి వచ్చాడు. మూడు గ్లాసులూ తాగాడు. "అక్కా, ఆ పాట పూర్తిగా పాడి వినిపిస్తాను," అన్నాడు. వద్దన్నాను. ఆ చరణం కోసం ఒకసారి నిలబడ్డాను, చాలు. కొత్త క్యాసెట్ ఒకటి పెట్టి వెళ్ళాడు, చివరిదాకా ఉందట. అదిగో ఆ తోలు సంచిలోనే ఉంది, విప్పలేదు. ఇప్పుడు ప్రతి ఫోనులోనూ ఉంది కదా, నిన్న నీ ఫోనులో "అయినా" అని వినపడగానే చెవులు మూసుకున్నాను. ఆ ఒక్క మాట నాకు ముందే తెలుసు. అంతకు మించి అక్కర్లేదు.

నిన్న అందరూ ఆగినప్పుడు పొడుగ్గా ఒకామె లేచి బయటికి వెళ్ళిపోయింది, చూశావా? మెడ మీద ముళ్ళ మచ్చలున్నామె. ఆమే కెల్లా. ఇన్నేళ్ళయినా ఆ నిశ్శబ్దంలో కూర్చోలేదు. తను కదలకుండా ఉన్నందుకే బిస్కా బాబాయ్ పోయాడంటుంది. నేను కదలకు అన్నందుకు అంటాను నేను. ఆ మాట మీద తల్లీకూతుళ్ళం ఇప్పటికీ పోట్లాడుకుంటాం.

నువ్వు మా ఇంటి పిల్లవి ఇప్పుడు. నా తర్వాత ఇది చెప్పేవాళ్ళుండాలి. నీ పిల్లలకి ఆ పాట నేర్పు, చివరిదాకా నేర్పు, నేనేమీ అనుకోను. అడుగులు తుడిచేసింది అన్న చోట మాత్రం ఆపమను. ఆపి, ఒక్క క్షణం చెవిపెట్టి వినమను. ఎవరి కోసం అని అడిగితే, బిస్కా అని చెప్పు. ముందు పళ్ళ మధ్య చిన్న సందు ఉండేదని కూడా చెప్పు. అది చెప్పడం మరిచిపోకు.